డాక్టరు కాదంబినీ గంగూలీ

ప్రసవసమయమున స్త్రీ చెంత నుండవలసినది స్త్రీయే యని మన పెద్దలు అనాదిగా నమ్మిరి. మంత్రసాని లేని గ్రామము లేకుండెను. అయితే బిడ్డను భూమిమీదికి తెచ్చు చేయి స్త్రీచేయియే కావలెనని కోరిన సంఘమే, ఆ చేతికి శాస్త్రమును, పట్టమును, గౌరవమును ఇయ్యవలసి వచ్చునప్పటికి తలుపు మూసికొనెను. శరీరశాస్త్రము నభ్యసించుటయు, రోగనిదానము చేయుటయు, శస్త్రము పట్టుటయు పురుషులకే చెల్లునని నిర్ణయించెను. ఘోషాలోని స్త్రీ పురుషవైద్యుని కంటబడరాదు. చదివిన స్త్రీవైద్యురాలు లేదు. ఈ రెంటి నడుమ నెందఱు తల్లులు, నెందఱు శిశువులు నశించిరో లెక్కింప శక్యము కాదు.

వంగదేశమున ఆ తలుపును తెఱపించిన పుణ్యవతి కాదంబినీ గంగూలీ. ఈమె చరిత్రము ఒక విద్యావతి చరిత్రము; ఒక ప్రణయచరిత్రము కూడ. గురుశిష్యులుగ పరిచితులై, దంపతులై, ఒకరి పనికి ఒకరు అడ్డు రాక తోడై నిలిచిన యిరువురి కథ యిది. కన్యలను గన్న తలిదండ్రులును, విద్యాదానమునకు ముందుకు వచ్చు వదాన్యులును మన వార్షిక మహాసభకు విచ్చేయుచున్న ఈ తరుణమున, ఆ కథను సంగ్రహముగ వారి యెదుట నుంచుచున్నాము.

బాల్యము

కాదంబిని 1861 సం. జూలై 18వ తేదీన కాయస్థకుటుంబమున జన్మించెను. తండ్రియగు వ్రజకిశోర వసువు పూర్వులది తూర్పువంగమందలి బారిసాలు ప్రాంతము. ఆయన బీహారునందలి భాగల్పూరున పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగ నుండెను; బ్రాహ్మసమాజ ధర్మము నవలంబించినవాడు. 1863లో అభయచరణ మల్లికునితో గూడి ఆయన ఆ పట్టణమున స్త్రీల అభ్యుదయమునకై మహిళాసమితిని స్థాపించెను. అప్పటికి కాదంబిని ఉయ్యెలలోని బిడ్డ. ఆడపిల్లకు అక్షరము చెప్పించుటయే సాహసమనిపించుకొన్న కాలమున, తండ్రి నోట స్త్రీవిద్యను గూర్చిన మాట వినుచు పెరుగుట ఆమెకు ప్రథమభాగ్యము.

కలకత్తాలో ఆనెట్ ఆక్రాయిడ్ అను ఆంగ్లవనిత 1873లో హిందూ మహిళావిద్యాలయమును నెలకొల్పెను. కాదంబిని విద్యార్థినియై ఆ పాఠశాలను చేరెను. అది కొలది కాలమునకే మూతబడగా, బ్రాహ్మసమాజమందలి సంస్కర్తలు కొందఱు దానిని వంగమహిళావిద్యాలయమను పేర 1876లో పునరుద్ధరించిరి. ఆ విద్యాలయమునకు ప్రాణమై నిలిచిన ఉపాధ్యాయుడే ద్వారకానాథ గంగూలీ.

గురువు

ద్వారకానాథుడు 1844లో ఢాకా మండలమందలి విక్రమపురప్రాంతమున కులీన బ్రాహ్మణవంశమున జన్మించెను. కులీనులలో నొక్కొక పురుషుడు పలువురు కన్యలను పరిణయమై, వారిని పుట్టిండ్లయందే విడిచి తిరుగుచుండుట ఆ కాలపు దురాచారము. యౌవనారంభమున ద్వారకానాథుడు తన ప్రాంతమందలి యొక కులీనకన్యను బంధువులే విషమిడి చంపిరన్న సంగతి తెలిసికొనెను. అది ఆయన హృదయమును చీల్చెను. తాను బహుభార్యాత్వమునకు లోబడనని వ్రతము పట్టి, 1869లో అబలాబాంధవమను పత్రికను స్థాపించి, స్త్రీల దుఃఖమును లోకమునకు వెల్లడింప మొదలిడెను.

వంగమహిళావిద్యాలయమున ఆయన చేయని పని లేదు. పాఠములు చెప్పువాడు తానే. బాలికలకు తగిన పుస్తకములు లేనిచోట వ్రాసి యిచ్చువాడును తానే. వసతిగృహమునకు కావలి యుండువాడును, వారి భోజనాదుల యోగక్షేమములు చూచువాడును తానే. బాలికలకు కుట్టుపని, పాటలు చాలునను మతమును ఆయన అంగీకరింపలేదు. బాలురు చదువు గణితము, శాస్త్రములు, చరిత్ర బాలికలును చదువవలెననియు, ఒకే పరీక్షకు కూర్చుండవలెననియు ఆయన పట్టుదల.

పరీక్షలు

అప్పటికి కలకత్తా విశ్వవిద్యాలయము స్త్రీలను పరీక్షలకు చేర్చుకొనుట లేదు. ద్వారకానాథుడును మిత్రులును ఎడతెగక పోరాడగా, 1878లో ఆ నిషేధము తొలగెను. ఆ సంవత్సరమే వంగమహిళావిద్యాలయము బెథ్యూన్ పాఠశాలలో కలిసిపోయెను. కాదంబిని ఆ పాఠశాలనుండి ఎంట్రెన్సు పరీక్షకు వెళ్లి కృతార్థురాలయ్యెను; ఒక్క మార్కు తక్కువగుటచేత ప్రథమశ్రేణి తప్పిపోయెను. ఆమెను పైచదువు చదివించుటకై బెథ్యూన్ పాఠశాలలో కళాశాల తరగతిని తెఱచిరి. ఆ కళాశాలకు ఆమె యొక్కతెయే విద్యార్థిని. ఒక్క బాలిక కొఱకు కళాశాలయా యని నవ్వినవారు నవ్విరి. ఆ నాడు ఆ ఖాళీబల్లల నడుమ నొక్కతెగ కూర్చుండిన బాలిక ధైర్యమును తలంచుకొనినపుడు, నేడు నిండియున్న స్త్రీకళాశాలల నన్నిటికిని మూలబీజము కానవచ్చును.

1883లో ఈమెయు, చంద్రముఖీ వసువను సహాధ్యాయినియు బి.ఏ. పట్టమును పొందిరి. భారతదేశమున పట్టభద్రులైన ప్రథమవనితలు వీరిరువురే. స్త్రీలు గౌను ధరించి పట్టము పుచ్చుకొనుట ఆ విశ్వవిద్యాలయము అంతకుముందెన్నడును ఎఱుగదు. అంతటితో చాలునని కాదంబిని తలంచియుండినచో, ఉపాధ్యాయినియై సుఖముగ జీవించియుండును. ఆమె కోరినది వైద్యవిద్య.

మూసిన తలుపు

చెన్నపట్టణపు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకొని యుండెను. ఈ విషయమున కలకత్తా చెన్నపురికి వెనుకబడెను. దుర్గామోహన దాసు కుమార్తె అబల, వైద్యవిద్య నభ్యసింపగోరి, కలకత్తా కళాశాలలో తావు దొరకక 1882లో దూరమునందున్న చెన్నపట్టణమునకు పోవలసి వచ్చెను. శాస్త్రవేత్తయగు జగదీశచంద్ర వసువును తరువాత పెండ్లియాడినది ఈమెయే. వంగదేశపు బాలిక మన రాజధానికి వచ్చి చదువవలసి వచ్చిన ఈ సంగతి ఆంధ్రులు మఱువరానిది.

కాదంబిని కలకత్తాను విడువలేదు. ఆ కళాశాల తలుపునే తట్టెను. అధ్యాపకులలో పలువురు ప్రతికూలురైరి. పురుషులతో గూడి కూర్చుండి స్త్రీ శరీరశాస్త్రము చదువుట తగదనిరి. రాత్రివేళ వైద్యశాలలో పనిచేయుట ఎట్లనిరి. ద్వారకానాథుడు పత్రికలలో వ్రాసి, అధికారులతో వాదించి, వెనుదీయక నిలిచెను. తుదకు 1883లో ప్రభుత్వము కళాశాలాధికారుల అభిప్రాయమును త్రోసిపుచ్చి స్త్రీలకు ప్రవేశము కలిగించెను. కాదంబినికి నెలకు 20 రూపాయల విద్యార్థివేతనము లభించెను.

వివాహము

ఆ సంవత్సరమే జూన్ 12వ తేదీన కాదంబినీ ద్వారకానాథుల వివాహము జరిగెను. వధువునకు ఇరువదియొక యేండ్లు, వరునకు ముప్పదితొమ్మిది. ఆయన ప్రథమభార్య గతించి యుండెను. ఇరువురు బిడ్డలు గలరు. కుమార్తె విధుముఖి క్రొత్తతల్లికంటె కొలదియేండ్లు మాత్రమే చిన్నది. వధువు కాయస్థ, వరుడు కులీన బ్రాహ్మణుడు. సనాతనులు నిందించుటలో వింత లేదు. సంస్కర్తలని పేరుపడిన బ్రాహ్మమిత్రులును పలువురు ఆ వివాహమును మెచ్చక దూరముగ నుండిరి. శిష్యురాలిని గురువు పెండ్లియాడుటయు, వయోభేదమును వారికి రుచింపలేదు.

ఈ యాక్షేపణము తేలికగ త్రోసివేయదగినది కాదు. గురువు మాటకు శిష్యురాలు తల యొగ్గుట సహజము గనుక, అట్టి వివాహమున కన్య స్వేచ్ఛ యెంతయని యడుగుట న్యాయమే. దానికి సమాధానము వారి తరువాతి జీవితము. పెండ్లియైన పిమ్మట భార్యను ఇంట కూర్చుండబెట్టుటకు లోకమంతయు ద్వారకానాథునకు అధికార మిచ్చియుండెను. ఆయన ఆ యధికారమును వినియోగింపలేదు. నవవధువు అత్తవారి గడపతోపాటు వైద్యకళాశాల గడపయు త్రొక్కెను. ఆమె స్త్రీయని కరుణించి యెవరును పరీక్షలు తేలిక చేయలేదు. చదువుకాలముననే ఆమెకు బిడ్డ కలిగెను. పురిటికై ఆమె కళాశాలకు పోనిది పదుమూడు దినములు మాత్రమే. ఈ సంగతి సముద్రములు దాటి ఫ్లారెన్సు నైటింగేలు చెవిని బడగా, ఆ మహనీయురాలు 1888లో వ్రాసిన యొక లేఖలో దీనిని ఆశ్చర్యముతో ప్రస్తావించి, కాదంబినికి తగిన ఉద్యోగము లభింపవలెనని కోరెను.

పట్టము, ఉద్యోగము

1886లో కాదంబినికి వంగ వైద్యకళాశాలా పట్టభద్రురాలను బిరుదు లభించెను. స్త్రీవైద్యవిద్యకు విముఖులైన అధ్యాపకుల చేతిలో నొక విషయమున ఉత్తీర్ణత తప్పుటచేత, ఎం.బి. పట్టము మాత్రము ఆమెకు దక్కలేదు. అయినను వైద్యవృత్తి సాగించు హక్కు కలిగెను. అదే సంవత్సరము మహారాష్ట్రవనితయగు ఆనందీబాయి జోషి అమెరికాలో వైద్యపట్టము పొంది, మరుసటి యేడు ఫిబ్రవరిలో వృత్తి నారంభింపకయే అకాలమరణమునకు పాల్పడెను. భారతదేశముననే చదివి, చిరకాలము వైద్యవృత్తి సాగించిన ప్రథమవనితలలో అగ్రస్థానము కాదంబినిది.

1888లో లేడీ డఫరిన్ స్త్రీవైద్యశాలలో నెలకు 300 రూపాయల వేతనముపై ఆమె నియమింపబడెను. ఆ కాలమున నది గొప్ప జీతము. అయినను అచ్చటి ఐరోపీయ వైద్యురాండ్రు ఆమెను తమతో సమానముగ నెంచలేదు. ఇండ్లకు పోయి చేయు వైద్యమునందును అవమానములు తప్పలేదు. ఒక ధనికగృహమున కష్టప్రసవమును గట్టెక్కించి తల్లిని, బిడ్డను బ్రతికించిన పిమ్మట, ఆమెకును తోడు వచ్చిన స్త్రీకిని వసారాలో భోజనము పెట్టి, తిన్నచోటు శుభ్రపఱచి పొమ్మనిరట. ఆమె విద్యయంతయు ఆ యింటివారికి కనబడలేదు. వారి కంటికి ఆమె మంత్రసాని. మంత్రసాని చేతిని వాడుకొనుటయే కాని ఆ చేతిని గౌరవించుట వా రెఱుగరు. ఒక వృత్తిద్వారమును తెఱచుట యెంత కష్టమో, ఆ వృత్తి పేరును సంపాదించుట అంతకంటె కష్టము.

నిందారోపణము

1891లో వంగవాసియను పత్రిక ఆమెపై నీచమైన నింద వేసెను. గృహమున నుండక, వేళగాని వేళల రోగుల యిండ్లకు పోవు స్త్రీ సచ్చరిత్ర కాజాలదను భావముతో, వేశ్యతో పోల్చి యామెను దూషించెను. ఇట్టి సమయమున భర్తలు తలవంచుకొని భార్యను ఇంట నిలుపుదురు. నిందకు జంకి వృత్తిని మానిపింతురు. ద్వారకానాథుడు అట్లు చేయలేదు. దంపతులు న్యాయస్థానము నాశ్రయించిరి. పత్రికాసంపాదకునకు ఆరుమాసముల కారాగారవాసమును, 100 రూపాయల జరిమానాయు విధింపబడెను. కులస్త్రీ న్యాయస్థానమెక్కుటయే అప్రతిష్ఠయని తలంచు నాటికాలమున, తన మానమును తానే కాపాడుకొనవచ్చునని ఆమె నిరూపించెను. మరునాటినుండి ఆమె బండి యథాప్రకారము రోగుల యిండ్లకు పోవుచునే యుండెను. దారిలో కాలము వ్యర్థము కాకుండుటకై, ఆ గుఱ్ఱపుబండిలో కూర్చుండి ఆమె సన్నని లేసు అల్లుచుండెడిదట.

సీమప్రయాణము

పట్టమున లోపమున్నదని తన్ను చులకన చేయువారి నోరు మూయుటకు ఒక్కటే యుపాయమని ఆమె తలంచెను. 1893లో పసిబిడ్డను సయితము ఇంట విడిచి, భర్తను వదలి, సముద్రప్రయాణము చేసి బ్రిటనుకు పోయెను. సంసారభారమును విధుముఖి వహించెను. సవతితల్లి చదువుకై సవతిబిడ్డ యిల్లు కాచుట మన కథలలో కానరాని విశేషము. ఆ యింటిలో ప్రేమ యేవిధమున ప్రవహించెనో దీనివలన తెలియును. ఈ విధుముఖియే ఉపేంద్రకిశోర రాయ్ చౌధురికి భార్య. చలనచిత్రకర్తయగు సత్యజిత్ రాయ్‌కి నాయనమ్మ. రెండు కుటుంబములును చిరకాలము కలకత్తా కార్న్‌వాలిస్ వీధిలోని 13వ నంబరు ఇంట కలిసియుండెను.

కొలదిమాసములలోనే స్కాట్లండునందలి వైద్యసంస్థల త్రివిధపట్టమును సంపాదించి కాదంబిని మరలి వచ్చెను. తిరిగివచ్చిన తల్లిని చిన్నబిడ్డ గుర్తుపట్టలేదనియు, అందుకామె కన్నీరు నించెననియు వంశీయులు చెప్పుకొందురు. విద్యకై ఆమె చెల్లించిన మూల్యము ఏ విద్యార్థివేతనముతోను తీరునది కాదు. 1895-96 ప్రాంతమున నేపాళమునకు పిలువబడి, అచ్చటి రాజమాతకు చికిత్స చేసి స్వస్థత చేకూర్చెను. కానుకలతోపాటు ఒక పొట్టిగుఱ్ఱము కూడ ఆమె యింటికి వచ్చెను.

భర్త పని, భార్య పని

ద్వారకానాథుని పోరాటము భార్యవిద్యతో ముగిసినది కాదు. అస్సాము తేయాకుతోటలలో కూలీలు బానిసలవలె బాధింపబడుచుండగా, ఆయన ప్రాణాపాయమునకు వెరవక 1886-87 ప్రాంతమున ఆ తోటలను దర్శించి, వారి దుస్థితిని సంజీవని, బెంగాలీ పత్రికలలో ప్రకటించెను. కాంగ్రెసు మహాసభలో స్త్రీలకును ప్రాతినిధ్యము కావలెనని వాదించినవారిలో ఆయన యొకడు. 1889లో బొంబాయి కాంగ్రెసునకు వచ్చిన స్త్రీప్రతినిధులలో కాదంబిని యుండెను. 1890లో కలకత్తా మహాసభావేదికనుండి వందనసమర్పణము చేసెను.

1898 జూన్ 27వ తేదీన ద్వారకానాథుడు స్వర్గస్థుడయ్యెను. ఆ దినముననే ఒక జమీందారుగృహమున ప్రసవవేదన పడుచున్న స్త్రీకొఱకు కాదంబినికి పిలుపు వచ్చెననియు, చేరినవారందఱు విస్తుపోవుచుండగా ఆమె మందులపెట్టె తీసికొని బయలుదేరెననియు చెప్పుదురు. పోయినవారు తిరిగిరారు, రానున్న శిశువు మాత్రము రావలెనని ఆమె భావము. ఇది కాఠిన్యమని యెవరైన తలంతురేమో. ఆ చేతులకు ఆ విద్య రావలెనని పదునైదేండ్లకు పైగా పోరాడిన భర్తకు ఇంతకంటె తగిన నివాళి యేది? ఏడ్చుటకు రాత్రి యంతయు మిగిలియే యున్నది. ఆ తల్లికి మాత్రము ఆ గడియ దాటిన మఱియొక గడియ లేదు.

తరువాత ఇరువదియైదేండ్లు ఆమె వైధవ్యమున జీవించెను, వృత్తిని మానలేదు. ట్రాన్సువాలునందలి భారతీయుల సత్యాగ్రహమునకు సానుభూతిగ 1908లో కలకత్తాలో జరిగిన సభకు అధ్యక్షత వహించెను. 1922లో, అరువదియేండ్లు దాటిన వయస్సున, కవయిత్రియగు కామినీ రాయ్‌తో గూడి బీహారు, ఒడిస్సా బొగ్గుగనులకు పోయి, అందు పనిచేయు స్త్రీల స్థితిగతులను విచారించెను. భర్త తేయాకుతోటలలో విడిచిన పనిని భార్య బొగ్గుగనులలో అందుకొన్నట్లయ్యెను. ఆమె విద్యకై ఆయన పోరాడెను. ఆయన దీనజనసేవను ఆమె కొనసాగించెను. దాంపత్యమునకు ఇంతకుమించిన నిర్వచనము మా కగపడదు.

1923 అక్టోబరు 3వ తేదీన శస్త్రచికిత్స యొకటి నిర్వహించి యింటికి వచ్చిన పిమ్మట ఆమె పరమపదించెను. ఎనమండుగురు బిడ్డల తల్లి. కుమార్తె జ్యోతిర్మయీ గంగూలీ విద్యారంగమునను, స్వాతంత్ర్యోద్యమమునను ప్రసిద్ధికెక్కెను.

తుదిమాట

సోదరసోదరీమణులారా! నేడు వైద్యకళాశాలలలో బాలికలు వేలకొలదిగ చదువుచున్నారు. తలుపు మూసియున్నదని ఇప్పుడెవరును చెప్పజాలరు. కాని తలుపు తెఱచియుండుట వేఱు, గడప దాటనిచ్చుట వేఱు. దూరపట్టణమున సీటు వచ్చెనని తెలిసిననాడే పెండ్లిమాటలు వినవచ్చు ఇండ్లు మనలో లేవా? చదువు ముగించి వచ్చిన కోడలిని రాత్రివేళ ఆస్పత్రికి పంపుటకు సందేహించువారు లేరా? కాదంబిని కాలమున కళాశాలాధికారులు వేసిన ప్రశ్నలను ఈనాడు మన యింటిలోని పెద్దలే వేయుచున్నచో, ఆ తలుపు గడియ కళాశాలనుండి మన యింటి లోపలికి మారినదని యెంచవలెను.

కాదంబిని వంటి కుమార్తెలు ప్రతికులమునను పుట్టుచునే యున్నారు. కొఱవడునది వ్రజకిశోరుని వంటి తండ్రి, విధుముఖి వంటి బిడ్డ, ద్వారకానాథుని వంటి భర్త. విద్యార్థివేతనములకై విరాళములు నొసంగు వదాన్యులకు మా నమస్కారములు. ఆ ధనముతో చదివిన బాలిక పట్టము పుచ్చుకొని వచ్చినపుడు, ఆ చదువును వినియోగింపనిచ్చు పెద్దమనస్సును కూడ మన కుటుంబములు విరాళముగ నొసంగునుగాక!

శుభమ్.